‘గీతాంజలి’ పాటల పాత క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే పద్ధతి

మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఏకైక చిత్రం ‘గీతాంజలి’ 1989 మే నెలలో విడుదలైంది. నాగార్జున, గిరిజ జంటగా నటించిన ఆ సినిమాను ఇప్పటికీ తలచుకునేవారిలో చాలామందికి కథకన్నా ముందు గుర్తొచ్చేవి పి.సి.శ్రీరామ్ కెమెరా పట్టిన ఊటీ పొగమంచు, ఇళయరాజా వయొలిన్లు, వేటూరి సుందరరామమూర్తి పాటల సాహిత్యం. అందులోని ఏడు పాటలూ నేడు ఫోనులో అడిగిన మరుక్షణం దొరుకుతాయి. అలాంటప్పుడు అటకమీది క్యాసెట్ దించి, దుమ్ము దులిపి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి రెండు ఆదివారాలు పాడుచేసుకోవడం దేనికని మా ఇంట్లోనే అడిగారు. వాళ్లకు నేను చెప్పిన సమాధానం ఒక్కటే: మన ఇంట్లో మోగిన పాట ఆ క్యాసెట్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు.

కాకినాడలోని మా ఇంట్లో ఉన్నది కంపెనీ వాళ్లు అమ్మిన క్యాసెట్ కాదు. కావలసిన పాటల జాబితా కాగితం మీద రాసి ఇస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి రెండు రోజుల తర్వాత చేతికిచ్చే రికార్డింగ్ షాపులో చేయించినది. అరవై నిమిషాల క్యాసెట్‌లో ‘గీతాంజలి’ పాటలు ఎక్కగా మిగిలిన చోటంతా షాపతను ఇళయరాజావే మరికొన్ని పాటలతో నింపాడు; రీలు ఖాళీగా వదలడం ఆ రోజుల్లో అన్నం పారబోయడంతో సమానం. ‘ఓ ప్రియా ప్రియా’ పాట రెండో చరణం దగ్గర నాలుగు సెకన్లపాటు బాలసుబ్రహ్మణ్యం, చిత్ర ఇద్దరూ మాయమైపోతారు. ఆ ఖాళీలో పంకా కిర్రుమంటుంది, “రీలు తిరుగుతోందంట్రా?” అని మా బాబాయి గొంతు వినిపిస్తుంది, టక్కుమని మళ్లీ పాట అందుకుంటుంది. మా అన్నయ్య ప్లే, రికార్డు మీటలు రెండూ కలిపి నొక్కినందువల్ల, రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసి ఉండే టూ-ఇన్-వన్‌లోని మైకు గదిలోని చప్పుడును పాట మీద రాసేసింది. దానికి అన్నయ్య తిన్న తిట్లు తక్కువేమీ కావు. బాబాయి పోయాక, ఆ క్యాసెట్ గురించి మా ఇంట్లో ఎవరు అడిగినా ఆ నాలుగు సెకన్ల గురించే అడుగుతున్నారు.

మీ క్యాసెట్‌లో ఇలాంటిది ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఏదైనా సరే, ఈ పనిలో మొదట పెట్టుకోవలసిన నియమం ఒకటుంది: మొదటి ప్రతిని ఉన్నది ఉన్నట్లుగా తీసుకోవాలి, శుభ్రం చేయడాలు, సరిదిద్దడాలు అన్నీ రెండో ప్రతి మీదే జరగాలి. కింది అంచెలన్నీ ఈ నియమం చుట్టూనే తిరుగుతాయి.

ముందుగా క్యాసెట్‌ను పరీక్షించడం

అటక నుంచి దించిన క్యాసెట్‌ను ఆత్రంగా ప్లేయర్‌లో వేయకండి. క్యాసెట్ పైఅంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. మీకు ఎదురుగా ఉన్న సైడుకు సంబంధించిన పలక ఎడమవైపుది. అవి ఇంకా విరగకుండా ఉన్నట్లయితే ముందు రెంటినీ విరగ్గొట్టండి. అప్పుడు రికార్డు మీట నొక్కినా దిగదు, మా అన్నయ్య చేసిన పని మీరు చేయలేరు.

తరువాత క్యాసెట్‌ను కిటికీ వెలుగులో పట్టుకొని, పారదర్శకమైన ప్లాస్టిక్ గుండా రీలు చుట్టల అంచులను చూడండి. అవి నల్లగానో, ముదురు గోధుమరంగులోనో నున్నగా మెరుస్తూ ఉంటే మంచిది. తెల్లటి పొడి చల్లినట్లుగానో, సాలెగూడు పట్టినట్లుగానో కనిపిస్తే అది బూజు. సముద్రతీరపు ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో చెమ్మ దిగే గోడల అల్మారాల్లో పెట్టిన క్యాసెట్లకు ఇది మామూలే. బూజు పట్టిన రీలును ప్లేయర్‌లో తిప్పితే ఆ బూజు రీలును చదివే హెడ్‌కు, రీలును లాగే రోలర్‌కు అంటుకొని, తరువాత వేసే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. అలాంటి దాన్ని విడిగా సంచిలో కట్టి, ఈ పని వృత్తిగా చేసేవారికి అప్పగించడం మేలు. ఇంట్లో ప్రయోగాలు చేయాలనుకుంటే పారేసినా బాధలేని ప్లేయర్ ఒకటి ప్రత్యేకించి పెట్టుకోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

ఇక రెండో లోపం స్పాంజి లాంటి చిన్న మెత్త. క్యాసెట్ కింది అంచున నడుమ, రీలు వెనకాల, సన్నటి రాగిరేకు మీద అంటించి ఉండే ఆ మెత్త రీలును హెడ్‌కు ఆనించి ఉంచుతుంది. ముప్పై ఏళ్లకు దాని జిగురు ఎండిపోయి మెత్త రాలిపోతుంది. అది లేని క్యాసెట్ మోగుతుంది గానీ, శబ్దం దుప్పటి కప్పుకొని పాడినట్లు ఉంటుంది, ఒకసారి హెచ్చుతూ ఒకసారి తగ్గుతూ ఉంటుంది. పాట చెరిగిపోయిందని చాలామంది క్యాసెట్‌ను పారేసేది ఈ దశలోనే. పాట చెరగలేదు. ఐదు స్క్రూలు ఉన్న మరో పనికిరాని క్యాసెట్ తీసుకొని, దాని డొక్కు విప్పి, లోపలి రీలు తీసేసి, మీ రీలు రెండు చక్రాలతో సహా అందులో కూర్చి బిగిస్తే సరిపోతుంది. విప్పే ముందు రీలు ఏ రోలర్ పక్కనుంచి ఎటు పోతున్నదో ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు జ్ఞాపకశక్తిని నమ్ముకున్న వారెవరూ బాగుపడలేదు. స్క్రూలు లేకుండా అంటించేసిన డొక్కు అయితే అతుకు వెంట పలచటి చాకుమొనతో కొద్దికొద్దిగా విడదీయాలి. ఇనుప స్క్రూడ్రైవర్‌కు అయస్కాంతం ఉంటే దాన్ని రీలు దగ్గరికి రానివ్వకండి.

రీలు తెగి ఉంటే రెండు కొసలను ఏటవాలుగా కత్తిరించి, వీపువైపు, అంటే హెడ్‌కు తగలని వైపు, అతికించాలి. అందుకోసమే అమ్మే స్ప్లైసింగ్ టేపు వాడాలి. మామూలు సెలోటేపు జిగురు ఎండలకు కరిగి పక్క చుట్టలకు అంటుకుంటుంది, ఒక తెగుడు కాస్తా రెండు తెగుళ్లవుతుంది.

అన్నీ సరిగా ఉన్నాయనుకున్నాక, నటరాజ్ పెన్సిలు పెట్టి చక్రాన్ని నాలుగు చుట్లు తిప్పి చూడండి. తేలిగ్గా తిరిగితే ప్లేయర్‌లో వేసి ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ మొదటికి వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి ఒకే తీరున బిగుసుకుపోయిన చుట్టలు సర్దుకోవడానికి ఇది అవసరం. కీచుమంటున్నా, ఆగి ఆగి తిరుగుతున్నా అక్కడే ఆపేయండి.

ప్లేయర్ సంగతి

ఇంటర్నెట్‌లో చవకగా దొరికే, నేరుగా కంప్యూటర్‌కు తగిలించే చేతిపట్టు క్యాసెట్ పెట్టెలు కొనవద్దని నా సలహా. వాటి మోటారు నిలకడగా తిరగదు; ‘ఓ పాపా లాలి’ లాంటి పాటలో బాలసుబ్రహ్మణ్యం సాగదీసిన స్వరం వాటిలో చలికి వణికినట్లుగా వినిపిస్తుంది. క్యాసెట్‌కున్న వేగమే చాలా తక్కువ, సెకనుకు 4.76 సెంటీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్లకు లోపు వెడల్పు గల రీలు మీద రెండు సైడులకూ కలిపి నాలుగు సన్నటి దారులలో పాటంతా రాసి ఉంటుంది. అంత ఇరుకులో ఉన్నదాన్ని చదవాలంటే యంత్రం ఒడుదొడుకులు లేకుండా తిరగాలి. తెలిసినవారి ఇంట్లో మూలపడి ఉన్న పాత క్యాసెట్ డెక్ ఒకటి అడిగి తెచ్చుకొని, బెల్టు మార్పించుకొని వాడుకోవడం అన్నివిధాలా మంచిది. పాత రబ్బరు బెల్టులు సాగిపోవడమే కాదు, కొన్ని తారులా కరిగి చక్రాలకు అంటుకుపోతాయి. ఆ జిడ్డునంతా తుడిచాకే కొత్తది వేయించాలి.

హెడ్‌ను, దాని పక్కనుండే సన్నటి ఉక్కు కడ్డీని, రబ్బరు రోలర్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. దూది మీదికి గోధుమరంగు మడ్డి వస్తుంది. అది రాకుండా పోయేదాకా పుల్లలు మారుస్తూ తుడవాలి. రబ్బరు రోలర్‌కు మాత్రం ఆల్కహాల్ ఎక్కువ పట్టించకుండా, కొద్దిగా తడిపి తుడిస్తే చాలు. పూర్తిగా ఆరాకే క్యాసెట్ వేయాలి.

ఇప్పుడు చెప్పబోయేది ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది, అందరూ వదిలేసేది కూడా. రేడియో మెకానిక్కులు దీన్ని హెడ్ అలైన్‌మెంట్ అంటారు. షాపువాడి డెక్‌లో హెడ్ ఏ కోణంలో నిలబడి రాసిందో మీ డెక్‌లో హెడ్ అదే కోణంలో నిలబడి చదవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా తీగవాద్యాల మెరుపంతా పోయి పాట మందంగా వినిపిస్తుంది. హెడ్‌కు రెండు పక్కలా రెండు స్క్రూలు ఉంటాయి, వాటిలో కింద స్ప్రింగు ఉన్నది ఈ కోణాన్ని మారుస్తుంది. వయొలిన్లు బాగా వినిపించే చోటు ఒకటి ఎంచుకోండి. కంప్యూటర్‌లో రెండు చానెళ్లనూ కలిపి మోనోగా వింటూ, సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఆ స్క్రూను ఎనిమిదో వంతు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పండి. మోనోలో వినడంలో కిటుకు ఏమిటంటే, కోణం తప్పినప్పుడు రెండు చానెళ్ల పైస్థాయి శబ్దాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కోణం కుదిరినప్పుడు ఒక్కసారిగా తెర తీసినట్లు మెరుపు వస్తుంది. ఆ మెరుపు వచ్చినచోట చెయ్యి తీసేయండి.

మా క్యాసెట్ విషయంలో ఇక్కడొక చిక్కు ఎదురైంది. షాపు రికార్డింగ్‌కు కుదిర్చిన కోణంలో బాబాయి గొంతు ముద్దగా వచ్చింది. ఆలోచిస్తే కారణం తెలిసింది: పాట రాసింది షాపువాడి డెక్, ఆ నాలుగు సెకన్లు రాసింది మా టూ-ఇన్-వన్, రెండు హెడ్‌లు, రెండు కోణాలు. అందువల్ల పాటలన్నీ ఎక్కించుకున్నాక, ఆ చోటును మాత్రం హెడ్ తిప్పి, గొంతు తేటపడేలా కుదిర్చి విడిగా మరోసారి ఎక్కించాను. ఒకే క్యాసెట్‌లో రెండు మూడు యంత్రాల రికార్డింగులు ఉన్నవారికి ఈ సంగతి పనికొస్తుంది.

తగిలించడం, ఎక్కించడం

డెక్ వెనక ఉండే లైన్ అవుట్ నుంచి కంప్యూటర్‌కు తగిలించిన ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి, అంటే శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పరికరంలోకి, తీగ వేయండి. లాప్‌టాప్‌కు ఉండే మైకు రంధ్రంలో గుచ్చవద్దు. అది మనిషి మాట కోసం చేసినది, సాధారణంగా ఒకే చానెల్ తీసుకుంటుంది, లైన్ అవుట్ ధాటికి శబ్దం చీలిపోతుంది. లైన్ అవుట్ లేని టూ-ఇన్-వన్ అయితే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీసుకోవచ్చు. అప్పుడు వాల్యూమ్ సగానికి మించకూడదు, బాస్, ట్రెబుల్ మీటలు నడిమధ్యన ఉండాలి. ఈ తీగలు, పిన్నులు హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ వంటి చోట్ల దొరుకుతాయి. ఏ పిన్ను కావాలో నోటితో చెప్పేకన్నా రెండు యంత్రాల వెనకభాగాల ఫొటోలు చూపించడం సులువు. డెక్‌లో రొద తగ్గించే డాల్బీ మీట ఉంటే, క్యాసెట్ మీద ఆ గుర్తు ఉంటే తప్ప దాన్ని ఆపి ఉంచండి.

కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి సరిపోతుంది. స్టీరియో, 48,000 హెర్ట్జ్, 24 బిట్లు అని పెట్టుకోండి. ఈ లెక్కన నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు, అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక గిగాబైటు పైచిలుకు చోటు పడుతుంది. ఈ కాలపు డిస్కులకు అదొక లెక్క కాదు. శబ్ద స్థాయి కుదుర్చుకోవడానికి ‘జగడ జగడ జగడం’ లాంటి జోరైన పాట వేసి, అతి గట్టిగా వచ్చే చోట కూడా సూచిక సున్నాకు 6 డెసిబెల్ కిందనే ఆగేలా చూసుకోండి. తక్కువ స్థాయిలో వచ్చిన దాన్ని తరువాత పెంచుకోవచ్చు గానీ, సున్నా దాటి చీలిపోయిన శబ్దాన్ని మళ్లీ అతికించలేము.

స్పీకర్లలో ‘హుమ్’ అనే రొద ఉంటే అది ఎక్కించుకోకముందే పోగొట్టుకోవాలి. మన ఇళ్లలోని కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి రొద కూడా ఆ స్థాయిలోనే, దాని రెట్టింపుల్లోనే ఉంటుంది. లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు రొద దానంతటదే పోతుంది. తరువాత సాఫ్ట్‌వేర్‌తో తీసేయవచ్చులే అనుకోకండి. బాలసుబ్రహ్మణ్యం, జానకి పాడిన ‘ఓం నమః’ పాటలో ఇళయరాజా తబలాకు బదులుగా గుండె చప్పుడును తాళంగా వాడారు. కథానాయిక జబ్బు గుండెకు సంబంధించినదని తెలిసిన ప్రేక్షకుడికి ఆ తాళం ఇంకో అర్థంలో వినిపిస్తుంది. ఆ చప్పుడు ఉండేది కూడా కింది స్థాయిలోనే. రొదను కొయ్యబోయి కిందనున్నదంతా కోసేసిన ప్రతిని నేను ఒకసారి విన్నాను: గుండె ఉండవలసిన చోట ఎవరో తలుపు మీద గోటితో కొడుతున్నట్లు ఉంది.

ఎక్కించేటప్పుడు ఫోనును పక్కగదిలో పెట్టండి, లాప్‌టాప్‌లో ఇతర చప్పుళ్లు వచ్చే అవకాశాలన్నీ మూసేయండి. రికార్డింగ్ మొదలుపెట్టాకే ప్లే నొక్కండి. సైడు మొత్తం ఒకే ఫైలుగా, మధ్యలో ఆపకుండా రావాలి. పాట పాటకూ ఆపి ఎక్కించేవారు పాటల మధ్య ఖాళీలను పోగొట్టుకుంటారు. క్యాసెట్‌తో పెరిగిన చెవి ఒక పాట అయిపోగానే తరువాతి పాట మొదటి స్వరాన్ని తనంతట తాను అందుకుంటుంది. ఆ అందుకోవడానికి పట్టే వ్యవధి కూడా క్యాసెట్‌లో భాగమే. రెండు సైడులూ పూర్తయ్యాక వాటిని ‘అసలు’ అనే పేరుతో దాచి, ఆ ఫైళ్లను మళ్లీ ముట్టుకోకండి.

శ్రుతి తేడా

ఫోనులో దొరికే పాటకూ మీ క్యాసెట్ పాటకూ శ్రుతి కలవకపోవచ్చు. షాపువాడి డెక్ కాస్త నెమ్మదిగా తిరిగి ఉంటే పాట మన దగ్గర వేగంగా వస్తుంది. మన ప్లేయరే వేగంగా తిరుగుతున్నా అంతే. తేడా ఎంతో కొలవడానికి పాట మొత్తం నిడివిని నమ్మకండి, చివర మెల్లగా తగ్గిస్తూ ఆపే చోటు ప్రతి ప్రతిలోనూ ఒక్కలా ఉండదు. పల్లవిలో మొదటి మాట మొదలైనచోటి నుంచి రెండో చరణంలో మొదటి మాట దాకా రెండింటిలోనూ కొలవండి. ఆ దూరం ఫోనులో 200 సెకన్లు, క్యాసెట్‌లో 194 సెకన్లు వచ్చిందనుకుంటే మీది దాదాపు 3 శాతం వేగంగా ఉన్నట్లు. ఆడాసిటీలో వేగం మార్చే అంశంలో 0.97 అని ఇస్తే శ్రుతి, లయ రెండూ కలిసి సర్దుకుంటాయి. 6 శాతం దాకా తేడా ఉంటే పాట ఇంచుమించు ఒక పూర్తి మెట్టు, అంటే హార్మోనియం మీద పక్క మీటకు, జరిగినట్లే.

అయితే సరిదిద్దాలా అన్నది వేరే ప్రశ్న. కొలత ప్రకారం మా క్యాసెట్ వేగంగానే ఉంది. ‘ఆమని పాడవే’ను సరిదిద్దిన శ్రుతిలో విన్నప్పుడు తప్పు పట్టడానికి ఏమీ లేదు, గాయకుడు పాడిన శ్రుతి అదే. కానీ పదేళ్ల వయసు నుంచి నా చెవిలో ఉన్నది ఆ రవ్వంత పై శ్రుతి. సరైన దాన్ని వింటుంటే పాటకు జ్వరం వచ్చి నీరసించినట్లు అనిపించింది. అందుకని సరిదిద్దిన ప్రతిని సంగీతం కోసం, అసలు ప్రతిని మా కోసం ఉంచుకున్నాను. హార్మోనియం మీద పాట నేర్చుకునేవారికి మొదటిది తప్పదు.

రొద తగ్గించడం

పాట మొదలు కాకముందు వినిపించే ‘స్‌స్‌’ అనే చప్పుడును రెండు సెకన్లపాటు నమూనాగా చూపిస్తే, ఆడాసిటీ దాన్ని పాటంతటా తగ్గించగలదు. 6 డెసిబెల్ తగ్గింపు వద్ద ఆగమని నా సలహా. పూర్తిగా తుడిచేయాలన్న కోరికతో 20, 25 దాకా పోతే పాట నీళ్లలో మునిగి పాడినట్లవుతుంది, ‘జల్లంత కవ్వింత’లో చిత్ర గొంతులోని ఊపిరి చప్పుళ్లు, తాళాల మోత చివర ఉండే సన్నటి తోక రొదతోపాటే కొట్టుకుపోతాయి. హెడ్ అలైన్‌మెంట్ సరిగా కుదిరిన క్యాసెట్‌కు ఈ పని అవసరమే పడదని కూడా చెప్పాలి. చెవి రెండు నిమిషాల్లో రొదను మరిచిపోతుంది.

పాటలు విడదీసి పేర్లు పెట్టడం

రెండో ప్రతిలో ప్రతి పాట మొదట్లో ఒక గుర్తు పెడుతూ పోయి, చివరన అన్నిటినీ ఒకేసారి విడి ఫైళ్లుగా దించుకోవచ్చు. ఫ్లాక్ రూపంలో దాచితే శబ్దం రవ్వంత కూడా పోకుండా పరిమాణం బాగా తగ్గుతుంది. కారులో వినడానికి విడిగా ఎంపీత్రీలు చేసుకోండి. ఫైలు పేర్లు తెలుగులో రాస్తే కంప్యూటర్, ఫోను రెండూ చూపిస్తాయి గానీ, పాత కారు స్టీరియోలు గళ్లు గళ్లుగా చూపిస్తాయి కాబట్టి ఆ ప్రతులకు ఇంగ్లీషు అక్షరాలే దిక్కు.

వివరాలు నింపేటప్పుడు షాపువాడి రాతను నమ్మవద్దు. మా క్యాసెట్ పెట్టెలోని కాగితం మీద పాటలన్నిటికీ ఎదురుగా ‘ఎస్పీ, జానకి’ అని రాసి ఉంది. నిజానికి ‘ఆమని పాడవే’, ‘ఓ పాపా లాలి’, ‘జగడ జగడ జగడం’ బాలసుబ్రహ్మణ్యం పాడినవి. ‘జల్లంత కవ్వింత’ చిత్రది. ‘ఓ ప్రియా ప్రియా’, ‘నందికొండ వాగుల్లోన’ బాలసుబ్రహ్మణ్యం, చిత్ర కలిసి పాడినవి. జానకి గొంతు ఉన్నది ‘ఓం నమః’లో మాత్రమే. రచన అన్నిటికీ వేటూరిదే. తప్పుల రాత అయినా ఆ కాగితాన్ని పారేయకండి. రెండు వైపులా ఫొటో తీసి, పాటలకు బొమ్మగా దాన్నే పెట్టండి; సినిమా పోస్టరు ఎక్కడైనా దొరుకుతుంది.

ఇలా తయారైన పాటలను ఇంటర్నెట్‌లో పెట్టకండి. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది కాబట్టి, 1989 నాటి పాటల మీద హక్కు 2049 చివరిదాకా యజమానులదే. ఇది ఇంట్లోవాళ్లు వినుకోవడానికి చేసుకునే పని.

‘అసలు’ ఫైళ్లకు కనీసం రెండు నకళ్లు తీసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. క్యాసెట్‌ను చివరిదాకా తిప్పి, దాని పెట్టెలో పెట్టి, పుస్తకంలా నిలబెట్టి, స్పీకర్లకు దూరంగా, చెమ్మ తగలని చోట దాచండి. గాలి చొరని డబ్బాలో కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి పడేస్తే కాకినాడ గాలికి కూడా తట్టుకుంటుంది.

పని పూర్తయిందని మీకు మీరే తీర్మానించుకోకుండా, అదే క్యాసెట్‌తో పెరిగిన మరొకరికి మొత్తం వినిపించండి. నేను తయారుచేసినదాన్ని అన్నయ్యకు పంపించాను. నాలుగు సెకన్ల గురించి ఏమంటాడోనని చూశాను. అక్కడ ఏమీ అనలేదు. సాయంత్రం ఫోను చేసి, “ఒరేయ్, మొదటి సైడు అయిపోయాక మీట టక్కున పైకి లేచే చప్పుడు ఏదిరా?” అని అడిగాడు. అతను అడిగింది మా టూ-ఇన్-వన్ మీట చప్పుడు. అది రీలు మీద ఎప్పుడూ లేదు, గదిలో మాత్రమే ఉండేది. పై అరలో ఉన్న ఆ టూ-ఇన్-వన్‌ను దించి, బెల్టు లేకపోయినా ప్లే మీట దిగుతున్నదో లేదో నొక్కి చూశాను. దిగింది. ఫోను రికార్డర్ పక్కన పెట్టి, స్టాప్ నొక్కాను.